కాఫీతో వేయాలా, టీతో వేయాలా? తడి తగిలాక తేలే తేడా

కాఫీతోనో టీతోనో బొమ్మలు వేద్దామనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఏది ముదురు రంగు ఇస్తుంది? దీనికి జవాబు చెప్పడం తేలిక. ఇన్‌స్టంట్ కాఫీ. దాన్ని మించిన ముదురు గోధుమరంగు వంటింట్లో సులువుగా దొరకదు. కానీ ఆ ఒక్క జవాబు పట్టుకుని మొదలుపెట్టినవాళ్లలో చాలామంది రెండో రోజుకే విసుక్కుంటారు. చక్కగా ఆరిన రంగు మీద ఇంకో పొర వేయబోతే కిందిది కూడా కరిగి పైకి లేస్తుంది. ముక్కూ చెంపా కలిసిపోయి మొహమంతా బురద పూసినట్టు తయారవుతుంది. నా మొదటి మూడు బొమ్మలూ అలాగే పోయాయి.

అసలు అడగాల్సింది రంగు గురించి కాదు. ఆరిన తర్వాత మళ్లీ తడి తగిలితే ఏమవుతుంది? కాఫీ కరుగుతుంది. టీ దాదాపు కదలదు. ఈ రెంటి మధ్య ఎంపికలో సగం విషయం ఇక్కడే తేలిపోతుంది. వేసినదాన్ని వెనక్కి తీసుకుంటూ, తుడుస్తూ, వెలుగు తెప్పిస్తూ పని చేసే అలవాటు మీదైతే కాఫీ వైపు వెళ్లండి. పొర మీద పొర వేస్తూ నెమ్మదిగా ముదురు చేసుకుంటూ పోయే ఓపిక ఉంటే టీ వైపు వెళ్లండి. మీరు ఏ రకమో తెలియకపోతే ఒక చిన్న పని చేయండి. ఒకే కాగితం మీద చిక్కటి కాఫీతో ఒక గీత, చిక్కటి టీతో ఒక గీత పక్కపక్కనే గీయండి. గంటసేపు ఆరనివ్వండి. తర్వాత శుభ్రమైన తడి బ్రష్‌తో రెండింటి మీదా ఐదారు సార్లు రుద్ది టిష్యూతో అద్దండి. కాఫీ గీత ఉన్నచోట లేత మచ్చ మిగులుతుంది. టీ గీత మాత్రం కొంచెం పలచబడి అక్కడే ఉంటుంది. ఆ రెండింటిలో దేన్ని చూసి మీకు సంతోషం కలిగిందో అదే మీది.

ఇన్‌స్టంట్ కాఫీ

కాఫీ గింజలు వేయించేటప్పుడు వాటిలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి మెలనాయిడిన్లు అనే గోధుమరంగు పదార్థాలు తయారవుతాయి. కాఫీ రంగులో ఎక్కువ భాగం వాటిదే. ఇన్‌స్టంట్ కాఫీ అంటే, అలా వేయించి కాచిన కాఫీలోంచి నీళ్లు తీసేయగా మిగిలిన పొడి. ఒకసారి కరిగి ఎండినదే కదా ఆ పొడి! కాగితం మీద ఎండాక మళ్లీ నీళ్లు తగిలితే మళ్లీ కరగడంలో వింతేముంది?

ఈ గుణాన్ని తిట్టుకోకుండా వాడుకుంటే కాఫీలాంటి మంచి సరుకు లేదు. పిల్లి బొమ్మ వేస్తున్నారనుకోండి. ఒళ్లంతా మధ్యరకం గోధుమరంగు నింపేసి, ఆరాక, సన్నటి తడి బ్రష్‌తో ఒక్కో వెంట్రుక తీరునా గీతలు లాగి టిష్యూతో అద్దితే కాగితపు తెలుపు బయటికి వస్తుంది. మీసాలు, కంట్లో మెరుపు, వీపు మీద వెలుగు, అన్నీ ఇలా తీయొచ్చు. తెల్లరంగు అక్కరలేదు.

కలపడానికి లెక్క ఇది. ఒక టీస్పూన్ పొడికి ఒక టీస్పూన్ వేడినీళ్లు పోస్తే బాగా ముదురు రంగు వస్తుంది. అలాగే వేరే గిన్నెల్లో టీస్పూన్ పొడికి రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు టీస్పూన్ల నీళ్లు పోయండి. ప్రతి గిన్నెలోనూ నీళ్లు రెట్టింపు అవుతుంటాయి. ఐదు గిన్నెలు, ఐదు ఛాయలు. ఒక్క గిన్నెలో ముదురుగా కలుపుకుని పనిచేసేటప్పుడు నీళ్లు పోసుకుందాంలే అనుకుంటే, ఆకాశం సగంలో ఒక రంగు, మిగతా సగంలో ఇంకో రంగు వస్తుంది. ఐదు ఛాయలనూ ఒక చీటీ మీద పూసి, ఆరబెట్టి, నంబర్లు వేసి పక్కన పెట్టుకోండి. తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగుకీ ఆరాక కనిపించే రంగుకీ తేడా ఉంటుంది. పలచని ఛాయలైతే బాగా తేలిపోతాయి.

పొడి రకాల్లో కూడా ఎంచుకోవచ్చు. మెత్తటి పొడిలా ఉండేది వేడిగాలిలో చిమ్మి ఆరబెట్టినది. గరుకు పలుకుల్లా ఉండేది గడ్డకట్టించి ఆరబెట్టినది. నీళ్లలో కలిపాక రెండింటికీ పెద్ద తేడా ఉండదు. అందుకని ఖరీదైనది కొనక్కర్లేదు. తేడా కనిపించేది ఒకే చోట. తడి కాగితం మీద నాలుగు పలుకులు చల్లితే ఒక్కోటీ కరుగుతూ చుట్టూ పాకి చిన్న చిన్న మచ్చలు పెడుతుంది. తుప్పు పట్టిన ఇనుము, చెట్టు బెరడు, పాత గోడ లాంటివి వేయడానికి ఇది భలేగా పనికొస్తుంది.

గడువు దాటిన కాఫీ కూడా పనికొస్తుంది, రుచి మనకక్కర్లేదు కదా. 2020లో సౌదీ అరేబియాలోని జెడ్డాలో ఒహుద్ అబ్దుల్లా అల్మాల్కి అనే చిత్రకారిణి 220 చదరపు మీటర్లకు పైబడిన కాఫీ చిత్రంతో గిన్నిస్ రికార్డు సాధించింది. దానికి ఆమె వాడింది గడువు దాటిన కాఫీ పొడే, దాదాపు నాలుగున్నర కిలోలు. అంత పెద్ద బొమ్మకు అంత తక్కువ పొడి సరిపోయిందంటే ఈ రంగు ఎంత పొదుపో చూడండి. ఇంట్లో గడ్డకట్టిపోయిన సీసా ఉంటే పారేయకండి.

కాఫీతో అసలు చిక్కు చివర్లో వస్తుంది. బాగా చిక్కగా వేసినచోట అది ఆరినట్టే ఉంటుంది కానీ ఆరదు. గాలిలో తేమ పెరిగితే మళ్లీ జిగురెక్కుతుంది. ఒక ముసలాయన బొమ్మ వేసి, కనుపాపలకు దాదాపు పేస్టులాంటి కాఫీ పెట్టాను. పైకి గాజులా మెరుస్తుంటే మురిసిపోయాను కూడా. వానాకాలంలో దాన్ని రెండు కాగితాల మధ్య పెట్టి మూసేశాను. నెల తర్వాత తెరిస్తే పై కాగితానికి రెండు కళ్లూ అంటుకుని వచ్చేశాయి. కింద మిగిలినవి రెండు తెల్ల గుంటలు. అప్పట్నుంచీ ముదురు కావాలంటే పేస్టు పెట్టను. మధ్యరకం కాఫీనే రెండుసార్లు వేస్తాను. రెండోసారి వేసేటప్పుడు బ్రష్‌ను రుద్దకుండా, ఒక్క విసురులో రంగు వదిలేసి తీసేయాలి. రుద్దారో, కిందిది లేస్తుంది.

డికాక్షన్, చికోరీ, పిప్పి

గింజల పొడితో తీసిన డికాక్షన్‌తో వేద్దామని చాలామందికి ఉంటుంది. వాసన బాగుంటుంది, వేస్తున్నంతసేపూ హాయిగా ఉంటుంది. కానీ రంగుగా అది బలహీనం. మామూలుగా తాగే చిక్కదనంలో కాగితం మీద లేత గోధుమరంగు తప్ప ఏమీ రాదు. సన్నమంట మీద నాలుగో వంతుకు మరిగించాలి. పైగా కాఫీ గింజల్లో నూనె ఉంటుంది. వడకట్టేది పేపర్ ఫిల్టర్ అయితే ఆ నూనె చాలావరకు అక్కడే ఆగిపోతుంది. లోహపు జల్లెడ గుండా వచ్చినదీ ఎస్ప్రెస్సో మెషీన్‌లోంచి వచ్చినదీ నూనెతోనే వస్తాయి. కాగితం మీద ఆ నూనె చుక్క చుట్టూ జిడ్డు అంచు కడుతుంది, మీద వేసే రంగు అక్కడ సరిగా పట్టదు. డికాక్షనే కావాలంటే పేపర్ ఫిల్టర్‌లో ఇంకోసారి వడకట్టుకోండి. నన్నడిగితే, తాగేందుకు డికాక్షన్, వేసేందుకు ఇన్‌స్టంట్.

చికోరీ కలిపిన పొడి రంగులో ముందుంటుంది. ముదురుగా, కాస్త ఎరుపు తిరిగిన గోధుమరంగు ఇస్తుంది. కానీ చికోరీ వేరులో చక్కెర లాంటి పదార్థాలు ఎక్కువ, కాబట్టి జిగురు కూడా ఎక్కువే. పలచని పొరలకు ఫరవాలేదు, చిక్కటి మచ్చలకు వద్దు. పాలూ పంచదారా కలిపి వచ్చే రెడీమేడ్ పొట్లాల జోలికి మాత్రం ఏ పరిస్థితిలోనూ వెళ్లకండి. బూజు, చీమలు, వాసన, మూడూ వస్తాయి.

కాచగా మిగిలిన పిప్పితో మట్టినేల, రాతిగోడ లాంటి గరుకుతనం తెప్పించొచ్చు. బాగా ఎండబెట్టి, జిగురు పూసిన చోట చల్లాలి. అది రంగు కాదు, ఇసుక లాంటిది. తడిగా వాడితే రెండోరోజు బూజు.

టీ

టీ తీరు వేరు. ఆకును నలిపి గాలి తగలనిచ్చినప్పుడు అందులోని పదార్థాలు థియాఫ్లేవిన్లుగా, థియారుబిజిన్లుగా మారతాయి. మొదటివి నారింజ పసుపు, రెండోవి ఎర్ర గోధుమ. మామూలు టీకి ఆ రంగు వీటివల్లే వస్తుంది. టానిన్లు, అంటే టీకి వగరునిచ్చే పదార్థాలు. ఆ జాతికి చెందిన ఇవి కాగితపు పీచును పట్టుకుని కూర్చుంటాయి. బట్ట మీద టీ మరక పడితే ఎందుకు పోదో ఇక్కడా అందుకే పోదు. కాఫీ కాగితం మీద కూర్చుంటే టీ కాగితంలోకి దిగుతుంది.

అందువల్ల టీతో వేసేవాళ్లకు ఒక వరం, ఒక శాపం. వరం ఏమిటంటే ఎన్ని పొరలైనా వేయొచ్చు. ఒక్కో పొర ఆరాక దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. కింది అంచులు చెదరవు. పొగమంచులో కొండల వరస వేసి చూడండి. అన్నిటికన్నా వెనక ఉన్న కొండ ఒక పొర, దాని ముందుది రెండు, ఇంకా ముందుది మూడు. ఒకే గిన్నెలోని టీతో ఏడు కొండలు తేలతాయి. కాఫీతో ఇదే చేయబోతే మూడో కొండ దగ్గరే రెండోది కరిగి కిందికి జారుతుంది. శాపం ఏమిటంటే తప్పు పడితే అది అలా ఉండిపోవాల్సిందే. తెలుపు వదలాల్సిన చోటును ముందే గుర్తుపెట్టుకోవాలి, లేదా అక్కడ రంగు అంటకుండా ఆపి తర్వాత ఒలిచేయగలిగే మాస్కింగ్ ఫ్లూయిడ్ పూసుకోవాలి.

ముదురు టీ రావాలంటే సన్నటి పొడి టీ కావాలి. పొడవాటి ఆకు టీ వాసనకు గొప్పదే కానీ రంగు నిదానంగా దిగుతుంది. సీటీసీ పద్ధతిలో నలిపి, చింపి, చుట్టిన గుండ్రటి పలుకుల టీ, టీబ్యాగుల్లో ఉండే ధూళి టీ, ఇవి త్వరగా రంగు వదులుతాయి. 50 మిల్లీలీటర్ల మరిగే నీళ్లలో నాలుగు టీబ్యాగులు వేసి పావుగంట మూతపెట్టి, గట్టిగా పిండి, తర్వాత సన్నమంట మీద సగానికి దించండి. అప్పటికీ కాఫీ అంత నలుపు రాదు. నిజం చెప్పాలంటే ఎంత కాచినా రాదు. నాలుగైదు పొరలు వేస్తేనే నీడలో నీడ కనిపిస్తుంది.

చల్లారాక టీ మసకబారి, అడుగున మడ్డి దిగితే పాడైపోయిందని పారబోయకండి. చిక్కటి టీ చల్లబడితే అందులోని టానిన్లూ కెఫీనూ జతకట్టి గడ్డల్లా తేలతాయి. టీ తయారీవాళ్లు దీన్ని టీ క్రీమ్ అంటారు. గిన్నెను వేడినీళ్లలో పెట్టి కలిపితే మళ్లీ తేటపడుతుంది. ఆ మసక టీతోనే వేస్తే కాగితం మీద రంగు సమంగా పరుచుకోక నలకలు నలకలుగా పడుతుంది. ఇంకో సంగతి: ఉప్పునీళ్లలాంటి గట్టినీళ్లతో కాస్తే టీ మీద తెట్టులాంటి పొర కడుతుంది. నీళ్లలోని సున్నం చేసే పని అది. ఫిల్టర్ నీళ్లు వాడితే ఆ బాధ ఉండదు.

టీ రంగును కాస్త అటూ ఇటూ జరపొచ్చు. రెండు చుక్కల నిమ్మరసం వేస్తే లేతగా, బంగారు పసుపు వైపు వస్తుంది. చిటికెలో సగం వంటసోడా వేస్తే ముదిరి ఎర్రటి గోధుమ అవుతుంది. తమాషా ఏమిటంటే ఒకే టీతో మూడు గిన్నెలు పెట్టుకుంటే మూడు రంగులవుతాయి. కానీ నిమ్మరసం కాగితానికి మంచిది కాదు. ఎక్కువకాలం ఉంచుకోవాలనుకున్న బొమ్మకు వాడకండి.

రెండూ కలిపితే

ఏదో ఒకటే ఎంచుకోవాలని ఎవరూ అనలేదు. కాకపోతే వరస తప్పకూడదు. టీ కింద, కాఫీ పైన. తిరగేస్తే మొదటికే మోసం. కాఫీ మీద టీ పూస్తే ఆ తడికి కాఫీ అంతా లేచి టీతో కలిసిపోతుంది.

ఒక ఎండుటాకు వేద్దాం. ముందు పెన్సిల్‌తో లేతగా ఆకారం గీయండి. గట్టిగా గీస్తే రంగు ఎండాక ఆ గీత చెరగదు. ఆకు మొత్తానికీ పలచటి టీ పూయండి. ఆరనివ్వండి. ఈనెల మధ్య భాగాల్లో రెండో టీ పొర. ఈనెలను మాత్రం ముట్టుకోకుండా వదిలేయండి. అవి లేతగా ఉండిపోతాయి. ఒక పక్క అంచు ముడుచుకుంది కదా, దాని లోపలి వైపు మూడో పొర. ఇప్పుడు కాఫీ. మధ్యరకం కాఫీతో ముడత కింద నీడ, తొడిమ, పురుగు తిన్న రంధ్రాల చుట్టూ కాలినట్టుండే అంచు. రంధ్రం అంచున కాఫీ పెట్టి, అది తడిగా ఉండగానే శుభ్రమైన బ్రష్‌తో ఒక్కవైపు తాకితే రంగు అటువైపు పాకి దానంతటదే పలచబడుతుంది. ఆరాక చూస్తే ఎక్కడైనా ముదురెక్కువైందా? తడి బ్రష్‌తో తుడిచేయండి. కాఫీ పోతుంది, కింద టీ అలాగే ఉంటుంది. ఈ ఒక్క సుఖం కోసమే నేను దాదాపు ప్రతి బొమ్మనూ ఇలా మొదలుపెడతాను.

మరకను ఆపాలా, వాడుకోవాలా

కాఫీ చుక్క ఆరాక మధ్యలో లేతగా, అంచున ముదురుగా ఎందుకుంటుందో చాలామంది గమనించే ఉంటారు. 1997లో రాబర్ట్ డీగన్, ఆయన సహచరులు నేచర్ పత్రికలో దీనికి కారణం చెప్పారు. చుక్క అంచు ఉపరితలానికి అతుక్కుపోయి ఉంటుంది. అక్కడ నీళ్లు వేగంగా ఆవిరవుతాయి. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోంచి నీళ్లు అంచుకు పారుతూ తమతోపాటు రేణువులనూ మోసుకుపోతాయి. అవి అక్కడే పోగుపడి గీత కడతాయి.

బొమ్మలో ఇది కావాలంటే బ్రష్‌లో ఎక్కువ నీళ్లతో మడుగు కట్టించి, కదపకుండా నిదానంగా ఆరనివ్వాలి. వద్దంటే మడుగు నిలవకుండా, ఆరిన బ్రష్ కొనతో అదనపు నీళ్లు పీల్చేయాలి. హెయిర్ డ్రయ్యర్ తొందరపడి దగ్గరగా పెట్టకండి, రంగు అటూ ఇటూ తోసుకుపోతుంది. మలేషియా చిత్రకారిణి రెడ్ హాంగ్ యీ 2012లో కాఫీ కప్పు అడుగు అద్దగా పడే గుండ్రటి మరకలతోనే ఒక గాయకుడి ముఖం వేసింది. ఆమే తర్వాత రకరకాల ఛాయల్లో నానబెట్టిన 20,000 టీబ్యాగులతో ఒక పెద్ద చిత్రం చేసింది. అంటే ఇక్కడ రంగును బ్రష్‌తోనే పూయాలన్న నియమం ఏమీ లేదు.

ఎర్ర టీ, నీలి టీ, పచ్చ టీ

వీటి గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే సరదాకు తప్ప నేను వీటిని సిఫారసు చేయను. హైబిస్కస్ టీ గ్లాసులో దానిమ్మ రసంలా ఎర్రగా మెరుస్తుంది. కాగితం మీద పెడితే చూస్తుండగానే ఊదాగా, తర్వాత బూడిద నీలంగా మారుతుంది. అందులో రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు. ఆమ్లంలో ఎర్రగా, క్షారంలో నీలంగా ఉంటాయి. మంచి చిత్రలేఖన కాగితాలు చాలావాటిలో సున్నపు పొడి కలుపుతారు కాబట్టి కాగితమే రంగు మార్చేస్తుంది. శంఖపుష్పం టీ నీలంగా ఉండి నిమ్మరసం తగిలితే ఊదా, గులాబీ అవుతుంది. పిల్లలతో కూర్చుని చేయడానికి ఇంతకన్నా మంచి ఆట లేదు. కానీ ఇవి వెలుతురుకు నిలవవు.

మాచా అంటే మెత్తగా విసిరిన గ్రీన్ టీ పొడి. అది నీళ్లలో కరగదు, పొడిగానే తేలుతూ ఉంటుంది. వేసిన రోజు పచ్చగా ముద్దొస్తుంది. ఆ పచ్చదనం పత్రహరితానిది, వెలుతురు తగిలేకొద్దీ గడ్డి రంగుకు దిగుతుంది. మామూలు గ్రీన్ టీ అయితే కాగితం మీద ఉందో లేదో తెలియని లేత పసుపు. పాత ఉత్తరంలా కనిపించే కాగితం కావాలంటే నేపథ్యానికి పూసుకోవచ్చు, అంతే.

నలుపు కావాలంటే

టీలోంచే నలుపు తీసే దారి ఒకటుంది. ఇనప పీచును వెనిగర్‌లో రెండు మూడు రోజులు నానబెట్టండి. మూత బిగించకండి, లోపల హైడ్రోజన్ వాయువు పుడుతుంది. ఆ నీళ్లు రెండు చుక్కలు చిక్కటి టీలో వేస్తే క్షణంలో బూడిద నలుపుగా మారుతుంది. టానిన్, ఇనుము కలిస్తే వచ్చే రంగు అది. యూరప్‌లో శతాబ్దాలపాటు రాతకు వాడిన ఐరన్ గాల్ సిరాది కూడా ఇదే సూత్రం. నీలిరంగు సయనోటైప్ ఫొటోలను టీలో ముంచి ముదురు చేసేవాళ్లు నమ్ముకునేదీ దీన్నే. అయితే ఆ పాత సిరా కాలక్రమంలో కాగితాన్నే తినేసేది, రాతప్రతులు గీతల వెంబడి చిల్లులు పడ్డాయి. కాబట్టి చిన్న మెరుగులకే వాడండి. బ్రష్ ఇంకెందుకూ పనికిరాకుండా మరకపడుతుంది, పాతదొకటి కేటాయించుకోండి.

కాగితం దగ్గర పొదుపు వద్దు

రంగుకు ఖర్చు లేదు కదా అని కాగితం కూడా నోటుపుస్తకంలోది వాడితే శ్రమంతా వృథా. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) వాటర్‌కలర్ కాగితం తీసుకోండి. అంతకన్నా పలచనిది తడికి ముడుచుకుని గుంటల్లో రంగు నిలిచిపోతుంది. నాలుగువైపులా టేపు వేసి బల్లకు బిగిస్తే ఇంకా మంచిది.

కాఫీకీ టీకీ ఒకే కాగితం నప్పదు. తుడిచి వెలుగు తీసే కాఫీ పనికి నునుపుగా ఉండే హాట్ ప్రెస్ మేలు. రంగు పైనే ఉంటుంది, తేలిగ్గా లేస్తుంది. పొరలు పొరలుగా వేసే టీ పనికి కొంచెం గరుకుగా ఉండే కోల్డ్ ప్రెస్, వీలైతే కాటన్‌తో చేసినది. అది ఎన్నిసార్లు తడిపినా పీచు లేవకుండా తట్టుకుంటుంది. చవక కాగితం మీద నాలుగో టీ పొరకే పైభాగం నలిగి చిన్న చిన్న ఉండలు లేస్తాయి.

ఎన్నాళ్లు ఉంటుంది?

అమ్ముదామనుకునేవాళ్లు, ఎవరికైనా కానుకగా ఇద్దామనుకునేవాళ్లు ఈ భాగం ముందు చదవాలి. కాఫీ, టీ రెండూ వెలుతురుకు వెలిసేవే. ఎంత వేగంగా అన్నది మీ గోడ మీద, మీ కిటికీ మీద ఆధారపడి ఉంటుంది. అందుకే నా మాట నమ్మకుండా మీరే చూసుకోండి. రెండింటి పట్టీలూ ఒక కాగితం మీద వేసి, సగానికి అల్యూమినియం రేకు చుట్టి, ఎండపడే కిటికీకి నెలరోజులు అతికించండి. తర్వాత రేకు విప్పితే తేడా ఎదురుగా కనిపిస్తుంది. మ్యూజియంలు కాగితం మీది సున్నితమైన చిత్రాలకు వెలుతురును 50 లక్స్ దగ్గర ఆపుతాయి, అది చాలా మసక వెలుతురు. ఇంట్లో అంత చేయలేం కానీ, ఎండ పడని గోడ వెతకొచ్చు, అతినీలలోహిత కిరణాలను ఆపే గాజు వేయించొచ్చు. గాజు బొమ్మకు తగలకుండా చుట్టూ మందపాటి అట్ట (మౌంట్ బోర్డు) పెట్టి, మధ్యలో ఖాళీ వదలడం తప్పనిసరి. లేకపోతే ఇందాక చెప్పిన ముసలాయన కళ్ల కథే. బొమ్మ పూర్తయిన రోజే స్కాన్ చేసి పెట్టుకోండి.

వార్నిష్ పూస్తే రక్షణ కదా అని కాఫీ బొమ్మ మీద నీటి ఆధారిత వార్నిష్‌ను బ్రష్‌తో పూయడం మాత్రం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ఆ తడికి బొమ్మంతా కరుగుతుంది. స్ప్రే రకం తీసుకుని, దూరం నుంచి, పలచగా, ఆరనిస్తూ మూడు నాలుగుసార్లు కొట్టాలి. అదీ గాలి ఆడే చోట. టీ బొమ్మకు ఇంత టెన్షన్ లేదు, అయినా స్ప్రేనే మంచిది. మెరుపు, పట్టు కోసం రంగులోనే రెండు చుక్కల గమ్ అరబిక్ కలిపే పద్ధతీ ఉంది. వాటర్‌కలర్ రంగుల్లో ఉండే జిగురు అదే. కాఫీ కొంచెం సమంగా పరుచుకుంటుంది, కానీ కరిగే గుణం మాత్రం పోదు.

డబ్బు తీసుకుని వేస్తున్నారా, పదేళ్లు గోడ మీద ఉండాలా? అయితే సూటిగా చెబుతాను. సెపియా, బర్న్ట్ అంబర్ లాంటి గోధుమరంగు వాటర్‌కలర్ ట్యూబులు కొనుక్కోండి. ట్యూబు మీద వెలుతురుకు నిలిచే గుణం రాసి ఉంటుంది, చూసి ఎంచుకోండి. గోధుమరంగు ఒక్కటే మీకు కావాల్సిందైతే దానికి కాఫీయే అక్కర్లేదు. కాఫీతోనే వేశామన్న సంగతి బొమ్మలో భాగమైతే మాత్రం కాఫీతోనే వేసి, వెలుస్తుందని కొనేవాళ్లకు ముందే చెప్పి, అసలుతో పాటు ప్రింటు కూడా ఇవ్వండి.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకు, పిల్లలకు ఇన్‌స్టంట్ కాఫీ. తప్పు తుడుచుకునే వీలుంటే భయం పోతుంది. ముఖాలు, జంతువులు, వెలుగునీడలు వేసేవాళ్లకూ అదే. ప్రకృతి దృశ్యాలు, మేఘాలు, పాత ఇళ్లు వేసేవాళ్లకు టీ. నీటికి చెదరని సిరాపెన్నుతో సన్నటి గీతలు గీసి రంగు నింపేవాళ్లకు కూడా టీయే. ప్రయాణంలో గీసే స్కెచ్‌బుక్కుకైతే కాఫీ చిక్కగా వేయొద్దు, పేజీలు అతుక్కుంటాయి. రెండు టీబ్యాగులు జేబులో పెట్టుకుంటే సరి. వేడినీళ్లు ఎక్కడైనా దొరుకుతాయి, పొట్లం తడిపి నేరుగా కాగితం మీద అద్దినా సరిపోతుంది.

మిగిలిన రంగును ఫ్రిజ్‌లో మూతపెట్టి ఉంచితే నాలుగైదు రోజులు ఉంటుంది. బూజు చుక్క కనిపిస్తే వడకట్టి వాడదామనుకోకండి, పారబోయండి. కాఫీనైతే పల్చటి పళ్లెంలో పూర్తిగా ఎండనిచ్చి, కావాల్సినప్పుడు తడి బ్రష్‌తో కరిగించుకోవచ్చు, వాటర్‌కలర్ బిళ్లలాగే. ఆ పళ్లేనికీ బ్రష్ కడిగే కప్పుకీ రంగు టేపు అంటించి పెట్టుకోండి. పని ధ్యాసలో తాగే కప్పనుకుని చేయి ఆ పక్క కప్పు మీదికి పోవడం నాకు ఇప్పటికి రెండుసార్లు జరిగింది. రెండోసారి అందులో ఇనప నీళ్లు కూడా ఉన్నాయి, వెనిగర్ వాసనకు ఆగాను కాబట్టి సరిపోయింది.